జిజెల్ బ్యాలేను మొదటిసారి చూసేవారు ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు చాలా ఏళ్లు కూచిపూడి నేర్చుకున్నారు. బ్యాలే గురించి తెలిసినదంతా ఫోనులో చూసిన వీడియో ముక్కల వల్ల తెలిసినదే. వాటిలో కాళ్ల విన్యాసమే తప్ప అభినయం కనిపించలేదు. ఎవరో ‘జిజెల్’ చూడమన్నారు, వెతికితే లెక్కలేనన్ని రికార్డింగులు వచ్చాయి. వాటిలో ఏది ముందు చూడాలి, ఏ నర్తకిది చూడాలి, పదేళ్ల మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, లండన్ రాయల్ బ్యాలే 2006లో రికార్డు చేసిన ప్రదర్శన ముందు చూడండి. జిజెల్‌గా అలీనా కొజొకారు, ఆల్‌బ్రెక్ట్‌గా యోహాన్ కోబోర్ నర్తించారు. అది పూర్తిగా చూశాక గలీనా ఉలానొవా నర్తించిన 1956 నాటి చిత్రం, ఆ తరువాత లెనిన్‌గ్రాద్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) కిరోవ్ బృందం 1983 రికార్డింగు చూడండి. ఈ వరుసనే ఎందుకు చెబుతున్నానో, మిగతావాటిని ఎందుకు వెనక్కి జరుపుతున్నానో కింద వివరిస్తాను. నేను నర్తకుణ్ణి కాను. కావెంట్ గార్డెన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో పై అంతస్తు చౌక సీట్ల నుంచి చాలాకాలంగా చూస్తున్న ప్రేక్షకుణ్ణి. కాబట్టి నా మాటలను ఒక అభిమాని అభిప్రాయాలుగానే తీసుకోండి.

ముందుగా కథ. జిజెల్ ఒక పల్లెటూరి పిల్ల, గుండె బలహీనం, నాట్యమంటే ప్రాణం. తన పేరూ హోదా దాచి రైతు కుర్రాడి వేషంలో వచ్చిన ఆల్‌బ్రెక్ట్ అనే ప్రభువును ప్రేమిస్తుంది. ఆమెను ముందునుంచీ కోరుకుంటున్న అటవీ రక్షకుడు హిలారియన్ ఆ గుట్టును అందరి ముందూ బయటపెడతాడు. ఆల్‌బ్రెక్ట్‌కు బాటిల్డ్ అనే ప్రభు కుమార్తెతో పెళ్లి అప్పటికే నిశ్చయమైందని తెలిసి జిజెల్‌కు మతి చలిస్తుంది, మరణిస్తుంది. రెండో అంకం అడవిలో, ఆమె సమాధి దగ్గర. పెళ్లికి ముందే మోసపోయి చనిపోయిన కన్యల ఆత్మలను విలీలు అంటారు. వారి రాణి మిర్తా. రాత్రివేళ తమకు చిక్కిన మగవాణ్ణి ప్రాణం పోయేదాకా ఆడించడం వారి పని. హిలారియన్ అలా చచ్చిపోతాడు. ఆల్‌బ్రెక్ట్‌ను మాత్రం జిజెల్ తెల్లవారి గంట మోగేదాకా కాపాడుతుంది.

ఈ బ్యాలే 1841 జూన్ 28న పారిస్ ఒపేరాలో మొదటిసారి ప్రదర్శితమైంది. జర్మన్ కవి హైనే రచనలో విలీల ప్రస్తావన చదివి కవి తియోఫిల్ గోతియే ఈ ఆలోచన చేశాడు. సంగీతం అడాల్ఫ్ ఆదాంది, మొదటి జిజెల్ కార్లోటా గ్రీసి. నృత్యకల్పన పేరుకు జాన్ కొరాలిదే అయినా గ్రీసి నర్తించిన భాగాలను ఝూల్ పెరో కూర్చాడని చరిత్రకారులు అంటారు. 1868 తరువాత పారిస్‌లో దీన్ని ఆడడం మానేశారు. రష్యాలో మాత్రం ఆగలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నృత్యకల్పకుడు మారియుస్ పెతిపా పదేపదే దీన్ని తిరిగి తీర్చిదిద్దాడు. ఈనాడు మనం చూసే జిజెల్ ఏ దేశంలో ఆడినా ఆ రష్యా దారిలో వచ్చినదే. అందుకే పారిస్‌లో పుట్టిన బ్యాలేకు రష్యన్ రికార్డింగులు అంత ముఖ్యమయ్యాయి.

ఇక అభినయం విషయం. మీరు చూసిన వీడియో ముక్కల్లో అభినయం లేకపోవడంలో వింతేమీ లేదు. జనం పంచుకునే ముక్కలు సాధారణంగా ఒంటికాలిపై తిరిగే తిరుగుళ్లు, గాలిలోకి ఎగిరే దూకుళ్లు. జిజెల్ మొదటి అంకంలో కూడా అలాంటిది ఒకటుంది: రంగస్థలం ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒంటికాలి మునివేళ్లపై గెంతుతూ సాగే ఏకనృత్యం. అది 1841లో లేదు, తరువాత రష్యాలో చేర్చారు. చాలామంది జిజెల్‌ను ఆ ఒక్క ముక్కతోనే తూకం వేస్తారు. నాకు అది సరైన పద్ధతిగా తోచదు. ఆ పాత్ర బరువంతా ఇతర చోట్ల ఉంది.

మీకు తెలిసిన పద్ధతికీ దీనికీ ప్రధానమైన తేడా ఒకటుంది. కూచిపూడిలో సాహిత్యం వినిపిస్తుంది. ఒక పంక్తిని గాయకులు మళ్లీ మళ్లీ పాడుతుంటే నర్తకి దాన్ని సంచారీ భావాలతో విస్తరించుకుంటూ పోతుంది. బ్యాలేలో పాట లేదు, మాట లేదు. మూకాభినయంలో ఒక సంజ్ఞ ఒక్కసారే వస్తుంది, దాని సంగీతం క్షణాల్లో దాటిపోతుంది, రెండోసారి చెప్పే అవకాశం ఉండదు. తల మీద రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యం అని. పిడికిళ్లు బిగించి మణికట్లను ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టి కిందికి చాపితే మరణం అని. రెండు వేళ్లు పైకెత్తితే ప్రమాణం అని. ఉంగరపు వేలు చూపిస్తే పెళ్లి అని అర్థం. ఈ నాలుగూ గుర్తుంచుకుంటే జిజెల్‌లో సగం కథ మీకు దానంతటదే తెలుస్తుంది.

సాహిత్యం చేయవలసిన పనిని ఇక్కడ సంగీతం చేస్తుంది. మొదటి అంకం ఆరంభంలో జిజెల్ ఒక పువ్వు తీసుకొని, ప్రేమిస్తున్నాడా లేదా అని రేకులు తుంచుతుంది. లెక్క చెడుగా వచ్చేలా ఉందని గ్రహించి ఆల్‌బ్రెక్ట్ ఒక రేకును చాటుగా తీసేసి మంచి ఫలితం వచ్చినట్లు చూపిస్తాడు. అప్పుడు వినిపించిన స్వరమే ఉన్మాద సన్నివేశంలో ముక్కలు ముక్కలుగా, తడబడుతూ తిరిగి వస్తుంది. లేని పువ్వుకు లేని రేకులు తుంచుతూ, కలిసి ఆడిన అడుగులను సగం సగం గుర్తు చేసుకుంటూ జిజెల్ కనిపిస్తుంది. సంగీతాన్ని ఇలా వాడుకున్న బ్యాలేలు ఆ కాలంలో అరుదు. అందుకే ముక్కలుగా చూడవద్దు. పువ్వు సన్నివేశం చూడనివారికి ఉన్మాద సన్నివేశం కేవలం జుట్టు విరబోసుకున్న ఏడుపుగానే కనిపిస్తుంది. విరామం తీసేస్తే మొత్తం రెండు గంటలకు మించదు.

2006 రికార్డింగు మొదటి స్థానంలో నిలవడానికి మొదటి కారణం ఆ ప్రదర్శన రూపకల్పన. అది పీటర్ రైట్ తీర్చిదిద్దినది; రాయల్ బ్యాలే 1985 నుంచి దాన్నే ఆడుతోంది. రష్యన్ ప్రదర్శనలు వదిలేసే ఒక ముఖ్యమైన మూకాభినయ ఘట్టం ఇందులో ఉంది. జిజెల్ తల్లి బెర్త్ ఊరి ఆడపిల్లలందరినీ చుట్టూ చేర్చుకొని, చీకటి పడ్డాక అడవిలో విలీలు ఎలా లేస్తారో, దారి తప్పిన మగవాణ్ణి ఎలా ఆడించి చంపుతారో కేవలం చేతులతో, కళ్లతో చెబుతుంది. రెండో అంకం మొత్తానికి అదే పునాది. ఆ ఘట్టం తీసేస్తే రెండో అంకంలోని విలీలు ఎక్కడి నుంచో ఊడిపడినట్లు ఉంటారు. అభినయం తెలిసిన మీరు ఆ కొద్ది నిమిషాలను మరెవరికన్నా ఎక్కువగా ఆస్వాదిస్తారు.

రెండో కారణం ఆ జంట. కోబోర్ డెన్మార్క్‌వాడు, రాయల్ డేనిష్ బ్యాలేలో తయారైనవాడు. అక్కడ పాతకాలపు నృత్యకల్పకుడు బూర్నన్‌విల్ నెలకొల్పిన సంప్రదాయంలో మూకాభినయం నాట్యంతో సమానమైన విద్య. ఆయన ఆల్‌బ్రెక్ట్ పచ్చి మోసగాడూ కాడు, అమాయకుడూ కాడు. తాను చేస్తున్నది తప్పని తెలిసీ ఆపుకోలేని మనిషి. బాటిల్డ్ వచ్చి, ఈ వేషమేమిటని అడిగినప్పుడు ఆల్‌బ్రెక్ట్ ఆమె చేతిని ముద్దు పెట్టుకుంటాడు. నా దృష్టిలో ఆల్‌బ్రెక్ట్ పాత్రధారికి అసలు పరీక్ష ఆ క్షణమే, రెండో అంకంలోని దూకుళ్లు కావు. ఆ ముద్దును జిజెల్ చూస్తోందన్న స్పృహ కోబోర్ వీపులో కూడా తెలుస్తుంది.

కొజొకారు 2001లో, ఇరవై ఏళ్లయినా నిండకముందే, ఈ పాత్ర చేసి మెప్పించిన తరువాతే రాయల్ బ్యాలే ఆమెను ప్రిన్సిపల్ (ప్రధాన నర్తకి) హోదాకు పెంచింది. చిన్న శరీరం, తేలికైన అడుగు. మొదటి అంకంలో ఆమె నర్తకిగా కాక, నాట్యం చేయకుండా ఉండలేని ఊరి పిల్లగా కనిపిస్తుంది. ఉన్మాద సన్నివేశంలో ఆమె అరుపులకూ వెర్రి చూపులకూ పోదు. ఎదురుగా ఉన్న మనుషులను గుర్తుపట్టలేకపోవడాన్ని మెల్లమెల్లగా చూపిస్తుంది. నిదానంగా సాగే ఆ పతనంలో ప్రతి అడుగూ అంతకుముందు చూసిన అడుగులకు విరిగిన రూపంలాగే ఉంటుంది. మిర్తాగా మరియనెలా నూన్యెజ్ నర్తించింది. ఆమె తరువాత తానే గొప్ప జిజెల్ అయింది. 2016లో వదీమ్ ముంతగిరోవ్‌తో చేసిన రికార్డింగు కూడా దొరుకుతుంది, నాట్య శుద్ధిలో దానికి వంక పెట్టలేం. అయినా మొదటిసారి చూసేవారి గుండెను పట్టుకునేది 2006దే అని నా నమ్మకం.

మూడో కారణం కెమెరా. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నేను మాత్రం చాలా పట్టించుకుంటాను. థియేటర్ పై అంతస్తు నుంచి చూస్తే ముఖాలు సరిగా కనిపించవు కాని, విలీల వరుసలు నేల మీద గీసే ఆకృతులన్నీ కనిపిస్తాయి. రికార్డింగులో దీనికి విరుద్ధం: ముఖం దగ్గరికి వస్తుంది, నేల మాయమవుతుంది. మొదటి అంకానికి ముఖం కావాలి, రెండో అంకానికి నేల కావాలి. రెండింటినీ సమయమెరిగి చూపించే దర్శకులు తక్కువ. 2006 రికార్డింగు ఈ విషయంలో పూర్తిగా నిర్దోషం కాకపోయినా చాలావరకు నమ్మదగినది.

ఏ రికార్డింగు కొనాలన్నా ముందు ఈ పరీక్ష చేయండి. రెండో అంకంలో విలీలు రెండు పక్కల నుంచీ ఒక కాలు వెనక్కి చాచి, రెండో కాలిపై గెంతుతూ ఎదురెదురుగా వచ్చి, ఒక వరుసలోంచి ఇంకో వరుస దూరిపోయే చోటు వెతకండి. అక్కడ రంగస్థలం మొత్తం కనిపిస్తే ఆ రికార్డింగు చూడదగినది. ఎవరో ఒకరి ముఖమో పాదమో చూపిస్తే పక్కన పెట్టండి. ఇరవై మందికి పైగా ఒకే ఎత్తులో కాలు నిలిపి ఒకరినొకరు దాటడమే ఆ ఘట్టం అందం. ఒక్కరిని విడదీసి చూపిస్తే అందులో ఏమీ మిగలదు. (అక్కడ వినిపించే టకటక చప్పుడు రికార్డింగు లోపం కాదు, మునివేళ్లపై నిలబడేందుకు వేసుకునే పాయింట్ షూల గట్టి ముందు భాగం నేలకు తగిలే శబ్దం. థియేటర్‌లోనూ అలాగే వినిపిస్తుంది.)

ఉలానొవా చిత్రం సంగతి వేరు. మాస్కోలోని బల్షోయ్ బృందం 1956 అక్టోబరులో మొదటిసారి లండన్ వచ్చినప్పుడు పాల్ జిన్నర్ కావెంట్ గార్డెన్‌లో దీన్ని అనేక కెమెరాలతో చిత్రీకరించాడు. ఆల్‌బ్రెక్ట్ నికొలాయ్ ఫదేయెచెవ్. అప్పటికి ఉలానొవాకు నలభై ఆరేళ్లు. బ్యాలేను కొంత కుదించారు, చిత్రం నాణ్యత కూడా నేటి కళ్లకు ఆనదు. కదలకుండా నిలబడినప్పుడు ఆమె వయసు స్పష్టంగా తెలుస్తుంది. కదలిక మొదలైందంటే మాత్రం ఆ వయసు ఎక్కడికి పోతుందో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు. ఆమె కాలు నేటి నర్తకుల కాలంత ఎత్తుకు లేవదు, తిరుగుళ్లు సాధారణం. కాని మతి చలించిన జిజెల్ జనంలోంచి పరుగెత్తే ఆ పరుగు చూడండి. పరుగు కూడా నాట్యమే అని అది తెలియజేస్తుంది. దీన్ని మొదట చూడవద్దంటున్నది ఒక్క కారణం చేతనే. బ్యాలే శరీర భాషకు కన్ను అలవాటు పడనివారికి ఆమె ఏమి చేయకుండా ఉంటోందో కనిపించదు. ఒక జిజెల్ చూసి వచ్చాక ఆమె సంయమనం విలువ తెలుస్తుంది.

కిరోవ్ 1983 రికార్డింగును నేను రెండో అంకం కోసమే మళ్లీ మళ్లీ చూస్తాను. గలీనా మెజెంట్సెవా జిజెల్, కొన్‌స్తాంతిన్ జక్లిన్‌స్కీ ఆల్‌బ్రెక్ట్, తాత్యానా తెరెఖొవా మిర్తా. నిజం చెప్పాలంటే మొదటి అంకంలో మెజెంట్సెవా పల్లెటూరి పిల్ల అంటే నమ్మబుద్ధి కాదు. ఆ సన్నటి పొడవైన చేతులు, ఆ గంభీరమైన ముఖం ఊరి పండుగకు పొసగవు. రెండో అంకంలో అవే ఆమె బలం. సమాధిలోంచి లేచిన ఆకారానికి మనిషి వెచ్చదనం ఉండకూడదు కదా. ఆమెలో అది లేదు. వయోలా (వయొలిన్ లాంటి, కొంచెం పెద్ద వాద్యం) ఒంటరిగా వినిపించే యుగళ నృత్యపు సంగీతాన్ని రష్యన్ బృందాలు బాగా నెమ్మదిగా వాయిస్తాయి. సాధారణ నర్తకికి ఆ వేగంలో కొనసాగింపు తెగిపోతుంది. మెజెంట్సెవా ఆ నెమ్మదిని సాగదీసి ఒకే ఊపిరిలో పూర్తి చేసినట్లు చేస్తుంది. తెరెఖొవా మిర్తాను దాటినది నేను చూడలేదు: కోపం లేదు, కరుణ లేదు, దూకుళ్లలో మాత్రం అపారమైన బలం. ఇక వెనుక నిలిచిన బృందం సరేసరి. మెడ వంపు, మోచేతి మలుపు దాకా అందరూ ఒకే బడిలో నేర్చుకున్నారని చూడగానే తెలుస్తుంది.

నటాలియా ఒసిపొవా పేరెత్తకపోతే ఆమె అభిమానులు నన్ను వదలరు. కార్లోస్ అకోస్టాతో ఆమె చేసిన 2014 రాయల్ బ్యాలే రికార్డింగు అదే పీటర్ రైట్ ప్రదర్శన. సమాధి నుంచి లేచిన జిజెల్‌ను మిర్తా ఆజ్ఞాపించగానే గిర్రున తిరుగుతూ గెంతే ఘట్టం ఉంటుంది. దాన్ని అంత వేగంగా, అంత తేలికగా చేసినవారిని నేను చూడలేదు. ఆమె దూకితే కిందికి రావడం మరిచిపోయినట్లు ఉంటుంది. ఉన్మాద సన్నివేశం కూడా తీవ్రంగా, కొంత భయపెట్టేలా ఉంటుంది. నా అభ్యంతరం ఒక్కటే: ఆమె జిజెల్ మొదటి నుంచీ ఏదో జరగబోతోందన్నంత ఉద్వేగంలో ఉంటుంది. కొజొకారులో పతనం మన కళ్ల ముందు మొదలవుతుంది, ఒసిపొవాలో అది ముందే మొదలై ఉంటుంది. ఇది అభిరుచి తేడా మాత్రమే. ఆమెనే ఇష్టపడేవారితో నేను వాదించను.

మరి కొన్నింటి గురించి క్లుప్తంగా. కార్లా ఫ్రాచీ, ఎరిక్ బ్రూన్ నర్తించిన 1969 చిత్రాన్ని చాలామంది సిఫారసు చేస్తారు. నర్తకులు ఇద్దరూ అసాధారణులే. బ్రూన్ ఆల్‌బ్రెక్ట్ చరిత్రకెక్కినది. కాని దర్శకుడి కెమెరా ఒక్క క్షణం కుదురుగా ఉండదు, అడుగు మొదలయ్యేసరికి దృశ్యం మారిపోతుంది. పై పరీక్షలో అది తప్పుతుంది. నటాలియా మకారొవా, మిఖాయిల్ బరిష్నికోవ్ 1977లో న్యూయార్క్‌లో చేసిన ప్రదర్శన టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైంది. దొరికితే వదలవద్దు, చిత్రం మసకగా ఉన్నా సరే. ఓల్గా స్పెసివ్‌త్సెవా 1932లో లండన్‌లో చేసిన ఉన్మాద సన్నివేశం మూగ చిత్రంగా కొద్దిగా మిగిలింది. దాన్ని అన్నిటికన్నా చివర చూడండి.

అక్రం ఖాన్ 2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలేకు కూర్చిన కొత్త జిజెల్ గురించి మీలాంటివారు తప్పక వింటారు. ఆయన కథక్ నేర్చుకున్నవాడు కాబట్టి మనవాళ్లు దానితోనే మొదలుపెట్టమని సలహా ఇస్తుంటారు. నేను ఆ సలహా ఇవ్వను. అందులో జిజెల్, ఆమె తోటివారు పని పోగొట్టుకున్న వలస కార్మికులు, విలీలు మూతపడ్డ బట్టల మిల్లులో చచ్చిపోయిన కార్మిక స్త్రీల ఆత్మలు. ఆదాం సంగీతం విన్‌చెన్జో లమాన్యా చేతిలో గుర్తుపట్టలేనంతగా మారి, అక్కడక్కడ తళుక్కుమంటుంది. టమారా రోహో జిజెల్‌గా ఉన్న రికార్డింగు చాలా శక్తిమంతమైనది. అయితే పాత జిజెల్‌కు ఇచ్చిన జవాబు అది. ప్రశ్న వినకుండా జవాబు వింటే సగమే అందుతుంది. స్వీడన్‌కు చెందిన మట్స్ ఎక్ 1982లో చేసిన జిజెల్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. అందులో రెండో అంకం అడవిలో కాక మానసిక చికిత్సాలయంలో జరుగుతుంది.

చివరగా మీ అమ్మాయి గురించి. పీటర్ రైట్ ప్రదర్శనలో జిజెల్ గుండె ఆగి చనిపోదు, ఆల్‌బ్రెక్ట్ కత్తితో తనను తాను పొడుచుకుంటుంది. ఆమె సమాధి చర్చి ఆవరణలో కాక అడవిలో ఎందుకుందన్నదానికి ఆయన ఇచ్చిన సమాధానం అది, తర్కం కూడా బాగానే ఉంది. కాని పదేళ్ల పిల్లకు అది ముందుగా చెప్పకుండా చూపించడం మంచిది కాదు. మీరు ఒకసారి ఒంటరిగా చూసి, తరువాత నిర్ణయించుకోండి. సందేహంగా ఉంటే ఆమెకు ముందు కిరోవ్ 1983 చూపించండి; అందులో జిజెల్ గుండె ఆగి చనిపోతుంది. బెర్త్ చెప్పే విలీల కథ అందులో లేదు కాబట్టి దాన్ని మీరే, మీకు వచ్చిన హస్తాలతో, రెండో అంకానికి ముందు ఆమెకు చెప్పవచ్చు.